మైనస్ 37 ప్రాణాలు

పోయిన వారం ఈ పేజీలో మాగాయ గురించి రాస్తానని మాటిచ్చాను. ముక్కలు ఇంకా డాబా మీద ఎండలోనే ఉన్నాయి, మాగాయ ఎక్కడికీ పోదు. ఈ వారం వీడియో గేముల గురించి రాస్తాను. "అయ్యో, ఈవిడకి కూడా ఆ పిచ్చి పట్టిందా" అని పేజీ తిప్పెయ్యకండి. ఎదిగిన పిల్లలున్నవాళ్ళు అసలే తిప్పెయ్యకండి.

రెండేళ్ళ క్రితం ఏప్రిల్ సంగతి. రాత్రి పదకొండు దాటింది. మర్నాటికి మినప్పప్పు నానబోసి, స్టవ్ గట్టు తుడిచి, వంటింట్లో లైటు తీసేసి వస్తున్నాను. మావాడి గదిలోంచి మాట వినిపించింది. "చచ్చాను." కాసేపు ఆగి, "మళ్ళీ చచ్చాను."

అది ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం. మావాడు మొదటి సంవత్సరం ఫిజిక్సు తప్పాడు. కాలేజీ నుంచి మావారికి ఫోను చేసి, మీవాడి వల్ల మా పేరు పోయిందన్నట్టు మాట్లాడారు. ఆయన ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చారు. వాడు ఎవరితోనూ మాట్లాడడం లేదు. అన్నం కూడా గదిలోకే. ఆ రోజుల్లో పొద్దున్నే పేపరు తెరవాలంటే నాకు చేతులు వణికేవి. ఎందుకో మీకు వేరే చెప్పాలా? అలాంటప్పుడు ఆ మాట చెవిన పడితే తల్లి ప్రాణం ఎలా ఉంటుందో ఊహించుకోండి. తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తాను.

వాడు నవ్వుతున్నాడు! నాలుగు రోజుల తర్వాత వాడి పళ్ళు కనిపించాయి. కంప్యూటర్ తెర మీద తెల్లటి పిల్లిమొహం బొమ్మ ఒకటి గుంటలో పడిపోతోంది. తెర నల్లగా అయింది. అందులో పిల్లి బొమ్మ పక్కన ఒక అంకె. మైనస్ 37.

"ఏంట్రా అది?"

"నాకు మిగిలిన ప్రాణాలమ్మా."

"మైనస్ ఏంట్రా? అప్పుబడ్డావా?"

వాడు మళ్ళీ నవ్వాడు. నేను మంచం అంచున కూర్చున్నాను. కాళ్ళలో వణుకు తగ్గాలి కదా. "నువ్వాడతావా?" అన్నాడు. వద్దనడానికి ధైర్యం చాలక ఊఁ అన్నాను.

ఆ ఆట జపానులో 2007లో తయారైంది. అసలు పేరు స్యోబోన్ యాక్షన్. మన పిల్లలకి క్యాట్ మారియో అంటేనే తెలుస్తుంది. చూడ్డానికి చంటిపిల్లల ఆటలా ఉంటుంది. నీలం ఆకాశం, పచ్చటి నేల, ఇటుకలు, తెల్లటి మబ్బులు. పిల్లిని కుడివైపు నడిపించాలి, అడ్డం వస్తే దూకించాలి. అంతే. మూడు మీటలతో పని. కుక్కర్ వాడడం దీనికంటే కష్టం.

నేను నాలుగడుగులు వేయించి, ముందున్న గుంట దాటించాలని దూకించాను. గాలిలో ఏమీ లేని చోట పైన ఇటుక ఒకటి పుట్టుకొచ్చి పిల్లి నెత్తిన కొట్టింది. అది సరిగ్గా గుంటలో పడింది. ఈసారి గుంటకి ముందే ఆగాను. కాళ్ళకింద నేల విరిగి పడింది. ఇంకోసారి ఎత్తుకి దూకిస్తే, కళ్ళూ నోరూ పెట్టుకుని బొమ్మలా నవ్వుతున్న మబ్బు తగిలి చచ్చింది. మబ్బు తగిలితే చావడమేమిటండీ! నాకు తెలియకుండానే గట్టిగా నవ్వేశాను. పక్కగదిలోంచి మా అత్తగారు, "ఏంటే ఆ నవ్వులు ఇంత రాత్రివేళ?" అని కేకేశారు.

ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత చాలా ఆలోచించాను. అది తెలియాలంటే ముందు మారియో తెలియాలి.

మనలో నలభై దాటినవాళ్ళకి మారియో కొత్తవాడు కాదు. 1990ల మొదట్లో మన ఊళ్ళలోకి టీవీకి తగిలించే వీడియో గేములు వచ్చాయి గుర్తుందా? ఒక డబ్బా, రెండు వైర్లకి రెండు జాయ్‌స్టిక్కులు, ఒక కేసెట్టు. కేసెట్టు రాకపోతే తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. వేసవి సెలవుల్లో తెనాలిలో మా బాబాయి గారింటికి వెళితే అక్కడ ఉండేది. మా తమ్ముళ్ళు ఆడుతుంటే మా పిన్ని గుమ్మంలో నిలబడి బీరకాయ చెక్కు తీస్తూ చూసేది. ఒకరోజు తనూ పట్టుకుంది. మారియో దూకాల్సిన చోట పిన్ని కూడా చేతులు రెండూ పైకెత్తి, కూర్చున్న చోటే ఎగిరేది. చేతిలో జాయ్‌స్టిక్కు, దాని వైరుతో పాటు డబ్బా కూడా ముందుకొచ్చి కింద పడేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ తర్వాత ఎంతోమందిని చూశాను, మొదటిసారి ఆడేవాళ్ళు అందరూ అలాగే ఎగురుతారు.

ఆ మారియోని తయారుచేసింది జపానులో నింటెండో కంపెనీ. గీసినాయన షిగెరు మియామోటో. 1981లో డాంకీ కాంగ్ అనే ఆటలో పీపాల మీంచి దూకే వడ్రంగిగా మొదలయ్యాడు మారియో. ఆ బుల్లి బొమ్మలో నోరు గీయడానికి చోటు చాలక మీసం పెట్టారట. జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టేశారట. ఉన్న సరుకుతో వంట చేసినట్టే! ఆ మీసం, ఆ టోపీ ఇప్పుడు లోకమంతా ఎరుగుదురు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్సే మనం టీవీలో ఆడింది. ఎనిమిది లోకాలు, ఒక్కోదానిలో నాలుగు ఘట్టాలు, మొత్తం 32. మూడు ప్రాణాలు ఇచ్చి పంపేవారు. వెనక్కి నడవడం కుదరదు, వదిలేసిన దారి మూసుకుపోతుంది. కరెంటు పోతే మొదటికే.

ఇలాంటివాటిని ప్లాట్‌ఫారం ఆటలంటారు. రైలు ప్లాట్‌ఫారం కాదు, అరుగులు అనుకోండి. ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదికి దూకడం. ఆలోచిస్తే మన తొక్కుడుబిళ్ళ కూడా అదే కదూ! ఒంటికాలి మీద గడి గడి దాటాలి, గీత తొక్కితే అవుట్. తొక్కుడుబిళ్ళ ఎవరైనా ఒక నిమిషంలో నేర్చుకుంటారు. గీత తొక్కకుండా చివరిదాకా వెళ్ళడానికి మాత్రం వేసవి మొత్తం పడుతుంది. ఎందుకు పోయామో కూడా ఎవరూ చెప్పక్కర్లేదు. మన కాలు మనకి కనిపిస్తూనే ఉంటుంది. ఈ ఆటల రుచి అంతా అక్కడే ఉంది. చెయ్యాల్సింది చాలా తేలిక, చెయ్యడం చాలా కష్టం. తప్పు ఎవరిదో అనుమానం లేదు.

మియామోటో గారు ఒక మంచి పని చేశారు. మారియోలో మొదటి నిమిషంలోనే ఒక పుట్టగొడుగు రాక్షసుడు ఎదురు నడిచొస్తాడు. ఏమీ చెయ్యకుండా నిలబడితే చస్తాం. రెండోసారి దూకుతాం. ఆ తర్వాత మంచి పుట్టగొడుగు ఒకటి బయటికొస్తుంది. అదీ రాక్షసుడేమోనని తప్పించుకోబోతాం. కానీ అది గొట్టానికి తగిలి వెనక్కి తిరిగి మన మీదికే వస్తుంది. తగిలాక తెలుస్తుంది, పెద్దవాళ్ళమయ్యామని! ఒక్క అక్షరం రాయకుండా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పకుండా పాఠం అయిపోయింది. మా అమ్మ నాకు దోసె తిప్పడం ఇలాగే నేర్పింది. రెండు దోసెలు పెనానికి అంటుకుపోయినా నోరెత్తలేదు. మూడోదానికి నేనే మంట తగ్గించాను.

ఇక అదే కంపెనీవాళ్ళు మరుసటి ఏడాది, 1986లో, జపానులో రెండో మారియో తెచ్చారు. మొదటిదాంట్లో ఆరితేరినవాళ్ళ కోసం చేసింది. అందులో పుట్టగొడుగుల్లో విషపుట్టగొడుగులు కలిపేశారు. ముందు లోకాలకి తీసుకెళ్ళే దొంగదారులుంటాయి కదా, వాటిలో కొన్ని వెనక్కి తీసుకెళ్ళి పడేస్తాయి. ఇది మరీ ఘోరంగా ఉందని అమెరికాకి అప్పట్లో పంపనేలేదు. అక్కడివాళ్ళకి ఇంకో ఆటని మార్చి, 1988లో రెండో మారియో అని ఇచ్చారు. అసలుది వాళ్ళకి 1993లో అందింది, అదీ వేరే పేరుతో. కష్టాన్ని కొనుక్కునేవాళ్ళు ఉంటారా అని కంపెనీకి అనుమానం. ఉంటారని ఇప్పుడు మనకి తెలుసు.

మళ్ళీ పిల్లి దగ్గరికి వద్దాం. మారియోలో మనం నేర్చుకున్న ప్రతి పాఠాన్నీ ఈ పిల్లి ఆట తలకిందులు చేస్తుంది. దూకమని అక్కడ నేర్పితే, ఇక్కడ దూకిన చోటే నెత్తిన కొడుతుంది. మబ్బు మబ్బే అనుకుంటాం, కాదు. గెలిచామనుకున్న చోట కూడా నమ్మకం లేదు. కొత్తల్లుడు అత్తారింటికి వస్తే మరదళ్ళు కాఫీలో ఉప్పు కలిపి ఇచ్చి, తలుపు చాటున నిలబడి చూస్తారే, అచ్చం అలా. అల్లుడికి కోపం రాదు. వచ్చినా నవ్వాల్సిందే. ఎందుకంటే ఉప్పు కలిపిన చెయ్యి తనని ఇంట్లోవాడిగా అనుకుంది కాబట్టే కలిపింది. ఈ ఆటలో కూడా తలుపు చాటున ఎవరో నిలబడి ఉన్నారని తెలుస్తుంటుంది. నేను ఎక్కడ అడుగు వేస్తానో ముందే ఊహించి ఇటుక పెట్టినవాడు, ఎవరో ఊరూ పేరూ తెలియని జపాను మనిషి, నా గురించి ఎంత ఆలోచించాడో అనిపించి నవ్వొచ్చింది.

పైగా ప్రాణాలు అయిపోయాయని ఆట ఆగదు. సున్నా దాటి మైనస్‌లోకి వెళుతుంది. మైనస్ 37, మైనస్ 38. పోయిన రెండు క్షణాల్లో మళ్ళీ మొదలు. తిట్టేవాళ్ళు లేరు, ఫోను చేసేవాళ్ళు లేరు, నోటీసు బోర్డు లేదు. నాలుగు రోజులుగా వాడు ఈ గదిలో ఏం వెతుక్కుంటున్నాడో అప్పుడు నాకు కొంచెం అర్థమైంది.

ఆ వారం రోజులూ అందరూ పడుకున్నాక నేను వాడి గదిలోకి వెళ్ళేదాన్ని. మొదట కాపలాకి వెళ్ళాను, దాచేదేముంది. తర్వాత ఆటకోసమే వెళ్ళాను. వాడు ఒక్కొక్కటీ చూపించాడు.

సూపర్ మీట్ బాయ్ అని 2010లో ఒకటి వచ్చింది. ఎడ్మండ్ మెక్‌మిలన్, టామీ రెఫెనెస్ అని ఇద్దరు కుర్రాళ్ళు చేశారు. హీరో ఒక పచ్చి మాంసం ముద్ద. శనివారం రాత్రి ఇదేం దర్శనంరా అన్నాను. చుట్టూ తిరిగే రంపాలు, ముళ్ళు. ఒక లోకంలోనైతే ఉప్పు తగిలినా చస్తాడు! ముద్ద ఎక్కడెక్కడ తగిలిందో అక్కడల్లా ఎర్రటి మరక. చచ్చినా మరక పోదు. ఇల్లు తుడిచేవాళ్ళకి చూడబుద్ధి కాదు గానీ, పోయినసారి ఎక్కడ పోయామో ఆ మరకే చెబుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకోటి. ఒక గది గెలిచాక, అప్పటిదాకా మనం చేసిన ప్రయత్నాలన్నీ కలిపి ఒకేసారి తెర మీద వేస్తారు. ముప్ఫై నలభై ముద్దలు ఒకేసారి బయలుదేరతాయి. ఒక్కొక్కటీ ఒక్కో రంపం దగ్గర రాలిపోతుంటే, చివరికి ఒక్కటి గమ్యం చేరుతుంది. నాటకం చూసినట్టుంటుంది. మావాడు అది చూసి రోజూ నవ్వేవాడు. పోయినవాటిని దాచిపెట్టకుండా పండగలా చూపించడం ఇంకెక్కడైనా చూశారా మీరు?

2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆట గురించి చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఒక అమ్మాయి కొండ ఎక్కుతుంది. అదీ కష్టమే, వందలసార్లు పడతాం. నవ్వించే ఆట కాదు గానీ దాంట్లో ఒక రహస్యం ఉంది. అంచు దాటి అడుగు గాలిలో పడ్డాక కూడా రెప్పపాటు సేపు దూకడానికి ఒప్పుకుంటుందట. కార్టూన్లలో నక్కలాంటి జంతువు ఒకటి కొండ అంచు దాటి పరుగెత్తి, కిందకి చూసుకున్నాక పడుతుంది చూడండి. దాని పేరే పెట్టారు, కొయోటీ టైమ్ అని. దూకేటప్పుడు తల మూలకి కొంచెం తగిలితే ఆటే మనల్ని మెల్లగా పక్కకి జరుపుతుందట. ఆడేవాళ్ళకి ఇవేమీ తెలియవు. నేనే సరిగ్గా దూకాను అనుకుంటారు. పైకి ఎంత కఠినంగా కనిపించినా లోపల ఇంత దయ పెట్టారు. పెరుగన్నంలో అడుగున వెన్నముద్ద పెట్టి, పైకి "తింటే తిను, లేకపోతే లే" అనే నాయనమ్మలు గుర్తొచ్చారు నాకు.

ఇక గంగాళం మనిషి. అది చెప్పకపోతే ఈ వ్యాసమే దండగ.

దాని పేరు గెటింగ్ ఓవర్ ఇట్. 2017లో బెన్నెట్ ఫాడీ అనే ఆస్ట్రేలియా ఆయన చేశారు. బోడిగుండు మనిషి ఒకడు నడుం దాకా నల్లటి గంగాళంలో ఇరుక్కుని ఉంటాడు. కాళ్ళు కనిపించవు. చేతిలో పెద్ద సమ్మెట. దాన్ని నేలకో రాయికో ఆనించి, గంగాళంతో సహా పైకి లేస్తూ కొండ ఎక్కాలి. పాతకాలంలో జాడీలో కాపురమున్న గ్రీకు జ్ఞాని డయోజెనిస్ పేరు పెట్టారు అతనికి. నాకు ఆ గంగాళం చూడగానే మా అత్తగారి అటక మీది కాగు గుర్తొచ్చింది. దసరాకి దాన్ని కిందకి దించాలంటే ఇంచుమించు ఇదే విన్యాసం.

ఈ ఆటలో మధ్యలో ఎక్కడా ఆగి ఊపిరి పీల్చుకునే మెట్టు లేదు. గంటసేపు ఎక్కి, ఒక్కసారి చెయ్యి జారితే మొదటికి వచ్చి పడొచ్చు. పడ్డప్పుడల్లా ఆ ఫాడీ గారి గొంతు మెల్లగా, పురాణం చెప్పినట్టు, ఓటమి గురించి పెద్దలు చెప్పిన మాటలు వినిపిస్తుంది. ఓదారుస్తున్నాడో వెక్కిరిస్తున్నాడో తెలియదు. ఒకచోట పాము ఉంటుంది. దాని మీద ఎక్కొద్దని బోర్డు కూడా పెట్టారు. ఎక్కితే జర్రున కిందకి, మొదలెట్టిన చోటికే. మా అత్తగారు తలుపు దగ్గర నిలబడి ఇది చూసి, "ఓసి, ఇది వైకుంఠపాళే కదుటే!" అన్నారు. పైకంటా చేరాక పెద్దపాము నోట్లో పడడం ఆవిడకి తెలియందా!

ఆవిడ మాటలో నిజముంది, కానీ చిన్న తేడా ఉంది. వైకుంఠపాళిలో పాము నోట్లో పడితే గవ్వల్ని తిట్టుకుంటాం. మనం చేసిందేమీ లేదు. ఇక్కడ తిట్టుకోవడానికి గవ్వలు లేవు. వేలు నాదే, తొందర నాదే. అందుకే ఎక్కువ మండుతుంది. అందుకే, రెండోసారి అదే బండ దాటినప్పుడు వచ్చే సంతోషం కూడా పాచికలు వేస్తే రాదు. మొదటిసారి గంట పట్టిన దారి మూడోసారి పది నిమిషాల్లో ఎక్కేస్తాం. కొండ మారలేదు, గంగాళం మారలేదు, సమ్మెట అదే. మన చెయ్యి మారింది. సూపర్ మారియోని దొంగదారులు తెలిసిన ఆరితేరినవాళ్ళు ఇప్పుడు అయిదు నిమిషాల లోపే ముగిస్తున్నారు. మా పిన్ని వింటే నమ్మదు.

గంగాళం మనిషి మూడోసారి కిందకి పడిన రాత్రి, నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి వాడికి చెప్పాను. 1997లో నేను ఇంటర్ లెక్కల్లో తప్పాను. మావారికి కూడా తెలియదు, ఈ పేజీ చదివాకే తెలుస్తుంది. ఆ రోజుల్లో మళ్ళీ పరీక్షకి నెలల తరబడి ఆగాలి. అన్ని నెలలూ మా నాన్న నాతో సరిగ్గా మాట్లాడలేదు. వీధిలోకి వెళ్ళాలంటే సిగ్గు. రెండోసారి పాసయ్యాను గానీ అప్పటికి కాలేజీ సీట్లయిపోయాయి, సంబంధాలు మొదలయ్యాయి, చదువు అక్కడితో ఆగింది. దాన్ని తల్చుకుని ఏడవడం ఎప్పుడో మానేశాను. కానీ చెప్పడానికి మాత్రం ఇరవై ఏడేళ్ళు పట్టింది.

వాడు తెర మీంచి చూపు తిప్పకుండా విన్నాడు. ఏమన్నాడో తెలుసా? "అయితే నీకూ మైనస్ ఒకటమ్మా." అంతే. మళ్ళీ సమ్మెట పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న వాడు హాల్లోకి వచ్చి అందరితో కూర్చుని ఇడ్లీ తిన్నాడు.

మావారి మాటలు కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. "పరీక్ష తప్పినవాడితో తల్లి అర్ధరాత్రి ఆటలాడుతుందా? నీకు మతి ఉందా?" అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టను. రెండు నెలల ముందు వాడు ఇదే గంగాళంతో తెల్లవారుజామున రెండింటి దాకా కూర్చుని, పొద్దున్న ఫిజిక్సు పుస్తకం మీద నిద్రపోయిన రోజులు నేనూ చూశాను. ఫిజిక్సు తప్పడంలో గంగాళానికి కొంత వాటా ఉంది. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ చెయ్యి వదలకపోవడమే ఈ ఆటల బలం, అదే వీటి జబ్బు. ముక్క చిన్నది, మళ్ళీ మొదలవడానికి రెండు క్షణాలు, అందుకని లేచే సందు దొరకదు. వేరుశనగకాయలు ఒలుచుకు తిన్నట్టే, బుట్ట ఖాళీ అయితే గానీ ఆగం. కాబట్టి నేను రెండు షరతులు పెట్టాను. పదకొండున్నరకి ఆపాలి. ఆపే ముందు చివరి ఆట నాది. రెండో షరతే పని చేసింది. నేను ఆడితే అర నిమిషంలో అయిపోతుంది కదా!

మావారితో నాకు ఒక్క విషయంలోనే తగువు. "మూడొందల సార్లు గుంటలో పడడానికి సిగ్గు లేదు గానీ, రెండోసారి పరీక్షకి సిగ్గా వీడికి?" అని ఆయన అడిగారు. ప్రశ్న బాగానే ఉంది. నేనూ అదే అనుకునేదాన్ని. కానీ ఆడి చూశాక అలా అనలేకపోయాను. ఆటలో ఎక్కడ పోయామో ఎర్రటి మరక కనిపిస్తుంది. పరీక్షలో ఏ లెక్క ఎక్కడ తప్పిందో ఎవరు చూపిస్తున్నారు? చేతికి వచ్చేది ఒక అంకె. ఆట పడిన వెంటనే లేపుతుంది, పరీక్ష నెల ఆగమంటుంది. మా రోజులకంటే నయమేలెండి. ఆ నెలంతా చుట్టాలు ఫోన్లు చేస్తారు. గంగాళం మనిషి పడినప్పుడు వినిపించే గొంతు కనీసం మర్యాదగా మాట్లాడుతుంది. మన పిల్లలు తప్పినప్పుడు వినిపించే గొంతులు ఎలాంటివో మీ ఇంట్లో మీరే గుర్తు చేసుకోండి. నావి కూడా అందులో కలపండి, ఫలితాలు వచ్చిన రోజు నేనూ తక్కువ అనలేదు.

ఆ మే నెలలో వాడు ఫిజిక్సు మళ్ళీ రాశాడు. గట్టెక్కాడు. మార్కులు పేపర్లో వేసుకునేలాంటివి కావు. ఆటల వల్ల పాసయ్యాడని నేను అనడం లేదు, ట్యూషను మాస్టారు వింటే నొచ్చుకుంటారు. వాడు గదిలోంచి బయటికి వచ్చాడు, నాకు అదే చాలు.

మీ ఇంట్లో కూడా తలుపు వెనక "చచ్చాను" అన్న మాట వినిపిస్తే, ముందు నాలాగే పరుగెత్తండి, అందులో తప్పు లేదు. ఆట అని తేలాక మటుకు "ఎన్ని గంటలైంది" అని అడక్కుండా, "ఏదీ, నన్నో చెయ్యి వెయ్యనీ" అనండి. మీరు ఆడే తీరు చూసి వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. చేతులు పైకెత్తి ఎగిరితే ఇంకా బాగా నవ్వుతారు. క్యాట్ మారియోతో మొదలెట్టండి. గంగాళం జోలికి ఇప్పుడే వెళ్ళకండి, బీపీ ఉన్నవాళ్ళు అసలు వద్దు.

వాడిప్పుడు విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. కంప్యూటర్ ఇక్కడే ఉంది. మధ్యాహ్నం మా అత్తగారు కునుకు తీసినప్పుడు నేను పదిహేను నిమిషాలు కూర్చుంటాను. మొన్న ఆదివారం ఫోను చేసి, "భోంచేశావా" అని నేను అడిగే లోపలే, "ఎంతదాకా వచ్చావమ్మా?" అన్నాడు.

"ఆ మొదటి గుంట దాటానురా. రెండోదాని దగ్గర మైనస్ 112."

"దాని ముందు దూకొద్దు, ఒక్క క్షణం ఆగు" అన్నాడు.

ఆగాను. ఈసారి వెనకనుంచి వచ్చి కొట్టింది.